తెరేసమ్మ కట్టిన టీము

జూన్‌లో కాలేజీ తెరిచిన రోజు సాయంత్రం తెరేసమ్మ మెళ్ళో విజిలు వేసుకుని గ్రౌండులోకి వెళ్ళేసరికి, బాస్కెట్‌బాల్ కోర్టు మధ్యలో రామతులసి ఒక్కతే నిలబడి బంతిని టపటపా కొడుతోంది.

“మిగతావాళ్ళేరే?” అంది తెరేసమ్మ.

“మిగతావాళ్ళెక్కడున్నారు మేడం? ఫైనలియరు వాళ్ళు ముగ్గురూ పరీక్షలు రాసి వెళ్ళిపోయారు. ఉన్న ఇద్దరికీ మేలో పెళ్ళిళ్ళయిపోయినాయి. రెండు భోజనాలకీ నేనే వెళ్ళొచ్చాను. రెండో పెళ్ళిలో గుత్తొంకాయ బాగుంది.”

తెరేసమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. విజయవాడలో బందరు కాలువ పక్కనున్న ఆ ఆడపిల్లల కాలేజీలో ఆమె పి.డి.; అంటే పిల్లలకు ఆటలు నేర్పే మేడం. ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. మొదటి రెండేళ్ళూ మట్టిలో ఆడించి, మొన్న డెబ్భై ఏడులోనే సిమెంటు కోర్టు వేయించుకుంది. కోర్టు వచ్చిందనుకుంటే ఇప్పుడు టీము పోయింది.

మర్నాడు కరస్పాండెంటు రామకోటేశ్వరరావు గారు కబురు పెట్టారు. ఆయనకు రెండు బియ్యం మిల్లులు, ఈ కాలేజీ, చాలా పెద్ద గొంతు ఉన్నాయి.

“ఏమ్మా, కోర్టు వేయించాను. బుట్టలు కట్టించాను. మా నాన్నగారి పేరు పాలరాతి మీద చెక్కించాను. ఇప్పుడు ఆడేవాళ్ళే లేరంటే ఆ బుట్టల్లో ఏం వేసుకోమంటావు?”

“కొత్తగా చేరిన పిల్లలకు నేర్పి తయారుచెయ్యాలంటే రెండేళ్ళు పడుతుందండీ.”

“రెండేళ్ళా! నాకు ఈ ఏడే కప్పు కావాలి.”

“ఈ ఏడే కావాలంటే ఆట వచ్చిన పిల్లల్ని వేరే కాలేజీల నుంచి తెచ్చుకోవడమేనండీ,” అంది తెరేసమ్మ. మాటవరసకే అంది.

ఆయన బల్ల మీద గట్టిగా చరిచారు. “మరి తే! ఎవరొద్దన్నారు? టి.సి. పట్టుకొస్తే సీటు నాది, హాస్టల్లో మంచం నాది. జూలై ఆఖరుకల్లా మన రోల్స్‌లో పేరెక్కిన పిల్ల ఎవరైనా ఆడొచ్చట. యూనివర్సిటీలో కనుక్కున్నాను.”

తెరేసమ్మ ఆ గదిలోంచి ఎలా బయటికి వచ్చిందో ఆమెకే తెలియదు. మెట్లు రెండేసి దిగింది. వరండాలో ఎదురైన హిస్టరీ మేడం “ఏంటి తెరేసా, జీతం పెంచారా?” అని అడిగితే, “అంతకంటే ఎక్కువండీ!” అని వెళ్ళిపోయింది. పోయినేడు టోర్నమెంటులో చూసిన ఒక పిల్ల అప్పటి నుంచీ ఆమె కళ్ళల్లోనే తిరుగుతోంది మరి. గుడివాడ కాలేజీ పిల్ల, పేరు ఆదెమ్మ. తాటిచెట్టంత మనిషి. అందరూ ఎగిరి వేసే బంతిని ఆ పిల్ల అటకమీద చెంబు పెట్టినంత తేలిగ్గా బుట్టలో పెట్టేసి వెనక్కి తిరిగేది.

ఆదివారం నాడు గుణదల మాత గుడిలో పొద్దుటి పూజ అవగానే తెరేసమ్మ వలసంచిలో బంతి వేసుకుని ఏలూరు బస్సెక్కి హనుమాన్ జంక్షన్‌లో దిగింది. ఆదెమ్మ వాళ్ళ ఊరు అక్కడి నుంచి గుడివాడ దారిలో కొంచెం లోపలికి ఉంటుందని అడిగి తెలుసుకుంది. దాహం వేసి సోడాబడ్డీ దగ్గరికి వెళితే, అక్కడ గోలీసోడా తాగుతూ తెనాలి కాలేజీ పి.డి. బసవపున్నయ్య నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి, నూనె రాసి దువ్విన జుట్టు, జేబులోంచి విజిలు తాడు వేలాడుతోంది. పోయినేడు కప్పు పట్టుకుపోయిన టీము ఆయనదే.

“ఏంటండీ మాస్టారూ, మీరిక్కడ?”

“మా మేనత్తగారి ఊరండీ పక్కనే. మరి మీరు?”

“మాకూ చుట్టాలున్నారండీ.”

“బంతి తెచ్చారే?”

“పిల్లలున్నారు, ఆడుకుంటారని. మీ సంచిలో గుండ్రంగా ఉందేంటండీ?”

“పుచ్చకాయండీ. మా అత్తకు ప్రాణం.”

గుర్రబ్బండి ఒకటే ఉంది. ఇద్దరూ ఎక్కారు. ఇద్దరూ ఒకే ఊరి పేరు చెప్పారు. ఆ తర్వాత ఆమె కుడివైపు పొలాలు, ఆయన ఎడమవైపు పొలాలు చూస్తూ కూర్చున్నారు. కాలువ దాటాక బండివాడు “ఎవరింటికండీ?” అని అడిగాడు. ఇద్దరిలో ఒక్కరూ నోరు విప్పలేదు. బండివాడు వెనక్కి తిరిగి, ఇద్దరి సంచుల్లోని బంతుల్నీ, ఆయన జేబులోంచి వేలాడుతున్న విజిలు తాడునీ చూసి, “ఆ పొడుగమ్మాయి వాళ్ళింటికేనా?” అన్నాడు. ఇక దాచేదేముంది! ఇద్దరూ తలలూపారు.

ఆదెమ్మ తండ్రి శౌరయ్య ఇస్త్రీ చొక్కాతో గుమ్మంలోనే ఉన్నాడు. ట్రాక్టరు తోలే మనిషి. గోళ్ళలో గ్రీజు ఇంకా పోలేదు. “రండి బాబూ, రండమ్మా, పొద్దున్నించీ మీకోసమే చూస్తన్నాం,” అంటూ చేతులు జోడించి లోపలికి తీసుకెళ్ళాడు. తను వస్తున్నట్టు వీళ్ళకెలా తెలిసిందా అని తెరేసమ్మకు ఆశ్చర్యం వేసింది. మంచం మీద కొత్త దుప్పటి. వంటింట్లోంచి కోడికూర వాసన. పళ్ళెంలో మినపసున్నుండలు.

“అబ్బాయి రాలేదా అండీ?” అన్నాడు శౌరయ్య.

“అబ్బాయిలకు వేరే టీముందండీ,” అన్నాడు బసవపున్నయ్య, ఉండ కొరుకుతూ.

శౌరయ్యకు ఏమీ అర్థంకాలేదు గానీ మర్యాదకు నవ్వాడు. తెరేసమ్మ ఇంక ఆలస్యం చెయ్యదలచుకోలేదు. “అమ్మాయి ఎత్తెంతుంటుందండీ?”

తలుపు చాటునుంచి ఆదెమ్మ తల్లి శౌరమ్మ గబగబా అందుకుంది. “కాస్త పొడుగేనమ్మా. ఉన్నమాట చెప్పాలిగా. కానీ కూర్చుంటే అంతగా తెలవదు.”

“కూర్చోబెట్టడానికి ఎందుకమ్మా? మాకు నిలబెట్టడానికే కావాలి. ఇంకో రెండంగుళాలున్నా మాకు సంతోషమే.”

శౌరమ్మ తలుపు చాటునుంచి సగం బయటికి వచ్చేసింది. ఇన్నాళ్ళలో ఇలా అన్న పెళ్ళివాళ్ళను ఆమె చూడలేదు.

“చేతులు కూడా పొడుగేనా?” అన్నాడు బసవపున్నయ్య, వెనకబడిపోతానేమోనని. “ఎగురుతుందా బాగా?”

“ఎగరడమెందుకు బాబూ?” శౌరయ్య మొహంలో రంగు మారింది.

అప్పుడే ఆదెమ్మ ద్వారబంధం కింద తల వంచుకుని పట్టుచీరతో, తలనిండా కనకాంబరాలతో బయటికి వచ్చింది. తలెత్తి ఇద్దర్నీ చూసింది. ఇద్దరి ఒళ్ళోనూ ఉన్న సంచుల్ని చూసింది. ఒక్కసారిగా పొట్ట పట్టుకుని కిందికి కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. “అయ్యో నాన్నా! వీళ్ళు పెళ్ళివాళ్ళు కాదు! బాస్కెట్‌బాలు వాళ్ళు!”

సంగతేమిటంటే, ఆ పూటే నూజివీడు నుంచి పెళ్ళిచూపులకు వస్తామన్నవాళ్ళు ఉన్నారు. విషయం తెలిసి ముందు శౌరయ్య నవ్వాడు. తర్వాత శౌరమ్మ నవ్వింది. తెరేసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బసవపున్నయ్య “నేను పెళ్ళికొడుకు మేనమామనని చెప్పినా బాగుండేది,” అని ఇంకో సున్నుండ తీసుకున్నాడు.

నవ్వులయ్యాక బేరం మొదలైంది. తెల్లబూట్లిస్తామన్నాడు బసవపున్నయ్య. ట్రాక్‌సూటన్నాడు. గెలిస్తే విశాఖపట్నం, ఇంకా గెలిస్తే మద్రాసు అన్నాడు. తెరేసమ్మ దగ్గర అవేమీ లేవు. ఆ పిల్ల గుమ్మాలకు తల వంచే తీరు చూస్తూ, “మా హాస్టల్లో నీ పొడుగుకు సరిపడా మంచం వడ్రంగితో చేయిస్తాను. కాళ్ళు బయటికి రావు,” అంది.

ఆదెమ్మ మొహం వెలిగిపోయింది. మురిసిపోతున్నట్టు కనిపించకూడదని పెదాలు బిగించుకుంది గానీ ఆగలేదు. ఊళ్ళో తన పొడుగు చూసి జాలిపడేవాళ్ళే గానీ, ఆ పొడుగు కోసం బస్సెక్కి, గుర్రబ్బండెక్కి వచ్చి, తన ఇంట్లో కూర్చుని పోట్లాడుకునేవాళ్ళను ఆ పిల్ల కలలో కూడా అనుకోలేదు.

“మంచం బాగానే ఉంది మేడం. కానీ ఒక మాట. మా గౌసియాను కూడా తీసుకోవాలి.”

“గౌసియా ఎవరు?”

“నాకు బంతి అందించే పిల్ల. పోయినేడు నేనేసినవన్నీ అది అందించినవే. మీరిద్దరూ నన్నే చూసినట్టున్నారు గానీ దాన్ని చూళ్ళేదు.”

“ఆ పొట్టి పిల్లా?” బసవపున్నయ్య నవ్వేశాడు. “బెండకాయలు కొంటే కొసరేసినట్టుందమ్మా! మా దగ్గర అందించేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నువ్వొక్కదానివి చాలు.”

తెరేసమ్మ గౌసియాను గుర్తు తెచ్చుకోబోయింది. ఏమీ గుర్తురాలేదు. పైగా బంతి అందించడానికి తన దగ్గర రామతులసి ఉండనే ఉంది. కానీ ఆదెమ్మ అప్పుడు తల వంచకుండా, నిటారుగా నిలబడి అడుగుతోంది. వచ్చినప్పటి నుంచీ ఆ పిల్ల అలా నిలబడటం అదే మొదటిసారి.

“సరే, ఇద్దరూ రండి,” అనేసింది తెరేసమ్మ.

అసలు పెళ్ళివాళ్ళు వచ్చేసరికి ఆదెమ్మ పట్టుచీర ఎగ్గట్టి పెరట్లో గాదె మీదుగా బంతి విసురుతోంది. శౌరయ్య వాళ్ళకు కడుపునిండా కోడికూర పెట్టి, “మా అమ్మాయి విజయవాడలో చదువుకోబోతందండీ,” అని ఎంతో దర్జాగా చెప్పి పంపించేశాడు.

ఆ సాయంత్రమే తెరేసమ్మ ఆదెమ్మను వెంటబెట్టుకుని జంక్షన్‌కు వచ్చింది. అక్కడ గౌసియా తండ్రి హుమాయూన్‌కు లారీ టైర్ల పంక్చర్లు వేసే షాపుంది. గౌసియా టైర్ల దొంతి మీద కూర్చుని నవల చదువుకుంటోంది. ఆదెమ్మ భుజం దాకా కూడా రాదు. తెరేసమ్మ మనసు ఇంకా కుంగింది.

“ఏదీ, ఒకసారి అందించు చూద్దాం.”

షాపు ముందు వరిపొట్టు లోడుతో ఒక లారీ ఆగి ఉంది. గౌసియా దానికి ఇవతల, ఆదెమ్మ అవతల నిలబడ్డారు. ఒకరికొకరు కనిపించరు. గౌసియా బంతి తీసుకుని ఒక్క క్షణం చెవి రిక్కించి లారీ మీదుగా విసిరింది. అవతల ఆదెమ్మ చేతుల్లో పడ్డ చప్పుడు. ఆదెమ్మ ఇంజను వైపు పరిగెత్తింది; బంతి ఇంజను మీదుగా వెళ్ళింది. వెనక్కి పరిగెత్తింది, చక్రాల సందులోంచి వెళ్ళింది. లారీ డ్రైవరు టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“చూడకుండా ఎలా ఇస్తున్నావమ్మా?”

“దాని చెప్పుల చప్పుడు వినపడుతుందిగా మేడం,” అంది గౌసియా, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

పోయినేడు టోర్నమెంటంతా ఈ పిల్ల తన కళ్ళముందే ఆడింది!

హుమాయూన్‌కు అభ్యంతరం లేదు. “మా అమ్మనడగాలండీ,” అని మాత్రం గొంతు తగ్గించి అన్నాడు. ఆయన తల్లి అన్వరీ షాపు వెనక చెక్కబల్ల మీద తమలపాకుల పెట్టె ముందేసుకుని కూర్చుని ఉంది. అంతా విన్నది. ఆకుకు సున్నం రాయడం పూర్తిచేసి చెప్పింది.

“విజయవాడ వన్‌టౌన్‌లో మా చెల్లెలుంది. పిల్ల అక్కడుంటది. సల్వారుతోనే ఆడుద్ది. శుక్రవారం నమాజు వేళకు ఆట లేదు.”

“అలాగేనండీ.”

“నేనూ వస్తా.”

“మీరా అండీ?”

“ఆటేందో నేను చూడొద్దా?”

హుమాయూన్ తెరేసమ్మ చెవి దగ్గరికి వంగి, “తీసుకుపోండి మేడంగారూ, పుణ్యముంటుంది. నాకూ కాస్త ఊపిరాడుద్ది,” అన్నాడు.

గుడివాడ కాలేజీలో ఆటలు చూసేది ఒక కామర్స్ లెక్చరరు. ఆయన టి.సి.ల విషయంలో పేచీ పెడతాడేమోనని తెరేసమ్మ భయపడింది. ఆయన అడ్డు చెప్పలేదు. “నాకు ఈ ఆట రూల్సే సరిగ్గా రావమ్మా. నేర్పేవాళ్ళ దగ్గరికి పోతే వాళ్ళకే మంచిది,” అన్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “మా పిల్లలతో పడ్డప్పుడు కాస్త చూసి కొట్టండి,” అన్నాడు. ఆ మాట తెరేసమ్మకు చాలాసేపు లోపల మెదులుతూనే ఉంది.

వారం తిరగలేదు, కాలేజీ ఆఫీసులోంచి ప్యూను పరిగెత్తుకుంటూ వచ్చాడు. “మేడం, రామతులసమ్మ టి.సి.కి అర్జీ పెట్టింది. తెనాలి పోతుందట!”

బసవపున్నయ్య చేతులు కట్టుకుని ఏమీ కూర్చోలేదు. నేరుగా మంగళగిరి వెళ్ళి రామతులసి వాళ్ళ నాన్నను కలిశాడు. ‘మీ అమ్మాయి ఆడే చోట ఆడటానికి అక్కడ ఇంకో పిల్లను తెచ్చుకున్నారు, తెలుసా? మా దగ్గరికి పంపండి, కెప్టెన్‌ను చేస్తాం’ అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. తెరేసమ్మ రామతులసికి ఒక్క మాటైనా చెప్పలేదు. కోర్టు మధ్యలో ఒక్కతే నిలబడి బంతి కొట్టుకున్న పిల్లకు, తోడు తెస్తున్నానని కూడా చెప్పలేదు. సిగ్గుతో తెరేసమ్మ మొహం కందిపోయింది. బసవపున్నయ్య మీద కోపం రాబోయింది గానీ, గుడివాడ లెక్చరరు కళ్ళజోడు తుడుచుకోవడం గుర్తొచ్చి ఆగిపోయింది.

మర్నాడు ఇద్దరు పిల్లల్నీ, బంతినీ తీసుకుని మంగళగిరి బస్సెక్కింది. అన్వరీ కూడా ఎక్కింది. “మంగళగిరి చీరలు చూడాలి,” అంది.

రామతులసి వాళ్ళది నేతపని. ఆ వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కర్రల మీద పడుగు సాగదీసి ఉంది. తెల్లటి నూలు పోగులు ఎండలో మెరుస్తున్నాయి. మగవాళ్ళు అటూ ఇటూ నిలబడి పెద్ద కుంచెలతో గంజి పట్టిస్తున్నారు. రామతులసి తెగిన పోగులు అతుకుతోంది. వీళ్ళను చూసీ చూడనట్టు తల దించుకుంది.

“వచ్చారా మేడం? కొత్తవాళ్ళను చూపించడానికా?”

“నిన్ను అడక్కుండా చేశాను తులసీ. తప్పు నాదే. కెప్టెన్ని అడక్కుండా టీము కట్టేవాళ్ళుంటారా?”

“నేను వస్తానని తెనాలి మాస్టారికి చెప్పేశాను.”

“సరే, వెళుదువుగాని. వెళ్ళేముందు ఒక్కసారి వీళ్ళతో ఆడి చూడు. ఆ తర్వాత నీ ఇష్టం.”

“ఇక్కడెక్కడ ఆడతాం? బంతి కింద పడితే దుమ్ము లేచి గంజి మీద పడుద్ది. మా నాన్న చంపేస్తాడు.”

“కింద పడకుండా ఆడదాం అక్కా,” అంది గౌసియా మెల్లగా.

రామతులసి మొదటిసారి తలెత్తి ఆ పిల్లను చూసింది. ఎత్తులో ఇద్దరూ సమానమే. చేతులు దులుపుకుంది. బంతి అందుకుని, ఆ పిల్ల తప్పకుండా వదిలేస్తుందనుకుని చెవి పక్కనుంచి రాయిలా విసిరింది. గౌసియా ఒక్క చేత్తో పట్టి పడుగు మీదుగా ఆదెమ్మకు పంపింది. ఆదెమ్మ నుంచి రామతులసికి వచ్చింది. ఈసారి ఇంకా కష్టంగా విసిరింది. అది కూడా దొరికింది.

“నూలు! నూలు!” అని వీధంతా కేకలు. “ఒరే, ఆ పిల్లల్నాపండ్రా!” అంటున్న పెద్దాయనే కుంచె పక్కన పెట్టి, అరుగెక్కి చూడటం మొదలుపెట్టాడు. ముగ్గురూ పడుగుకు అటూ ఇటూ పరిగెత్తుతున్నారు. బంతి తెల్లటి పోగుల మీద పిట్టలా తిరుగుతోంది. రామతులసి ఆదెమ్మ వైపే చూస్తూ, ఆదెమ్మకే ఇస్తున్నట్టు చేతులెత్తి, చివరి క్షణంలో పక్కకు వదిలింది. అది తను ఎవరికీ నేర్పని ఎత్తు. గౌసియా అప్పటికే అక్కడికి చేరి, బంతికోసం చేతులు చాపి నిలబడి ఉంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రామతులసికి నవ్వాగలేదు. గౌసియాకూ ఆగలేదు. ఆదెమ్మ ఎందుకో తెలియకుండానే వాళ్ళతో కలిసి పకపకా నవ్వింది.

“చాల్లే సంబడం! పడుగు ఆరిపోతంది. వచ్చిన చేతులు ఊరికే ఉండటమెందుకు, తలో పక్కా పట్టండి!” అని అరిచాడు రామతులసి తండ్రి. అందరూ పట్టారు. తెరేసమ్మ చీర కుచ్చిళ్ళ నిండా గంజి. అన్వరీ ఒక అరుగు మీద కూర్చుని, చీర జరీ వేళ్ళతో నలిపి చూస్తూ అప్పటికే బేరంలో పడింది.

బస్సెక్కించడానికి వచ్చినప్పుడు రామతులసి అడిగింది. “కెప్టెన్ని నేనేగా మేడం?”

“నువ్వేనే.”

“అయితే ఆ అర్జీ చింపెయ్యమనండి.”

తర్వాత తెరేసమ్మ ఎక్కడికీ తిరగాల్సిన పని లేకపోయింది. బస్సు కండక్టర్లే కబురు మోశారో ఏమో, జూలై ఆఖరి వారంలో కాలేజీ గేటు దగ్గర రిక్షా ఆగి ట్రంకుపెట్టెలతో ఇద్దరు పిల్లలు దిగారు. “ఇక్కడ ఆడేవాళ్ళను తీసుకుంటన్నారంట గదండీ?” అంది అందులో ఒకతె. ఆమె పేరు అమలమ్మ, ఏలూరులో చదివిన పిల్ల. ఎంత దూరం నుంచైనా గురి తప్పదు. రెండో ఆమె మైలవరం నుంచి వచ్చిన బుల్లెమ్మ. ఈమెకు అసలు వచ్చింది కబడ్డీ. బుట్ట మొహం ఎన్నడూ చూడలేదు గానీ చేతికి చిక్కిన దాన్ని వదలదు. తెరేసమ్మ ఇద్దర్నీ ఆ క్షణమే ఆఫీసుకు లాక్కుపోయింది.

అప్పటినుంచీ సాయంత్రాలు కోర్టు దగ్గర తిరునాళ్ళే. గౌసియా ఒక్కతే సల్వారులో ఎందుకని అందరూ సల్వారులే కుట్టించుకున్నారు; వన్‌టౌన్‌లో అన్వరీ చెల్లెలి కొడుకే టైలరు. ఆదెమ్మ కాలికి సరిపోయే ఆడవాళ్ళ బూట్లు బీసెంట్ రోడ్డంతా వెతికినా దొరక్క, చివరికి మగవాళ్ళ బూట్లు కొన్నారు. వడ్రంగి మంచం చేసి తెచ్చిన రోజున హాస్టలు పిల్లలంతా దాని మీద వరసగా పడుకుని చూశారు. అన్వరీ కోర్టు పక్కన కుర్చీ వేయించుకుని, ఆకులు నములుతూ, ఎవరైనా బంతి వదిలేస్తే “ఏయ్, చేతులకు నూనె రాసుకొచ్చావా?” అని కేకేసేది. పిల్లలకు తెరేసమ్మ విజిలంటే ఎంత భయమో తెలియదు గానీ ఆ కేక అంటే హడలు.

డిసెంబరులో తెనాలిలో టోర్నమెంటు. మొదటి ఆటే గుడివాడతో పడింది. చూసే కొట్టారు. ఆట అయ్యాక ఆ పిల్లలంతా ఆదెమ్మను, గౌసియాను కావలించుకుని, ఇక ఊరికి పోకుండా చివరిదాకా ఉండి వీళ్ళ వైపే కేకలు వేశారు. కామర్స్ లెక్చరరుగారైతే రూల్సన్నీ వచ్చినట్టు రిఫరీతో రెండుసార్లు పోట్లాడాడు.

ఫైనల్లో బసవపున్నయ్య టీము. వాళ్ళ ఊరు, వాళ్ళ గ్రౌండు, గోడలెక్కి కూర్చున్న వాళ్ళ జనం. వాళ్ళలో ఒక ఎడమచేతి పిల్ల ఉంది. ఎటు పోతుందో ఎవరికీ అంతుపట్టదు. ఆట సగం దాటిందో లేదో ఆదెమ్మ మీద ఐదో ఫౌలు పడింది. బయటికి వచ్చెయ్యాలి. అవతల బసవపున్నయ్య గంతేశాడు. అప్పటికే వీళ్ళు వెనకబడి ఉన్నారు. ఎవరి కోసం ఈ టీమంతా కట్టిందో ఆ పిల్లే ఇప్పుడు బెంచీ మీద మొహం చేతుల్లో పెట్టుకుని కూర్చుంది. హాస్టలు నుంచి తెచ్చిన ఫస్టియరు పిల్లను లోపలికి పంపి, తెరేసమ్మ టైమవుట్ అడిగింది.

రామతులసే మాట్లాడింది. “వాళ్ళు పొడుగ్గా ఉన్నారు, అలిసిపోయారు. మనం పరిగెత్తుదాం. బుల్లీ, నువ్వా ఎడమచేతి దాన్ని వదలబాక.”

బుల్లెమ్మ వదల్లేదు. ఆ పిల్ల నీళ్ళు తాగడానికి వెళ్ళినా వెంట వెళ్ళేటట్టుంది. రామతులసి, గౌసియా బంతిని నేలకు తగలనివ్వకుండా ఒకరికొకరు అందించుకుంటూ, వాళ్ళ చేతుల కింద నుంచి, చంకల్లోంచి దూసుకుపోయారు. ఆదెమ్మ బెంచీ మీద నిలబడి గొంతు చించుకుంటోంది. ఒక్కో బుట్టా పడుతోంది, వెనకబాటు తగ్గుతోంది. కప్పు కోసం తెనాలి దాకా వచ్చిన కరస్పాండెంటుగారు తెరేసమ్మ మోచెయ్యి గుంజి, “ఇప్పుడు ఏ బుట్ట మనదమ్మా?” అని అడిగారు. “అదండీ, అటు!” “అటైతే మరి ఇందాకటి నుంచీ నేను వాళ్ళకు చప్పట్లు కొడుతున్నానే!”

ఆఖరి నిమిషంలో ఇంకో బుట్ట పడితే గెలుపు. తెనాలి పిల్లలంతా రామతులసి చుట్టూ మూగారు. ఆమె బంతిని వెనక్కి వదిలింది. గౌసియా చూడనైనా చూడకుండా పక్కకు తోసింది. అక్కడ అమలమ్మ ఒంటరిగా ఉంది. బంతి లేచింది. రింగు మీద పడింది. రింగు చుట్టూ తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. అన్వరీ కుర్చీలోంచి లేచి, “పడవే, పడు!” అని అరిచింది. పడింది. ఆ వెంటనే పొడుగాటి విజిలు.

తర్వాత ఏం జరిగిందో తెరేసమ్మకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఆదెమ్మ గౌసియాను భుజాల మీదికెత్తుకుని పరిగెత్తడం, గుడివాడ పిల్లలు పావడాలు ఎగ్గట్టుకుని కోర్టులోకి దూకడం, కరస్పాండెంటుగారు కప్పును చంటిపిల్లలా చంకనేసుకుని “మనమే! మనమే!” అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పడం. ఎవరో తన చెప్పు ఒకటి తొక్కితే అది ఎటో పోయింది. ఆమె ఒంటిచెప్పుతోనే గెంతింది.

విజయవాడ ప్యాసింజరుకు స్టేషనుకు వచ్చేసరికి బసవపున్నయ్య ప్లాట్‌ఫారం మీద జాంకాయల బుట్టతో నిలబడి ఉన్నాడు.

“పిల్లలకండీ. బాగా ఆడారు. మీ కొసరే మా కొంప ముంచింది.”

“థాంక్సండీ మాస్టారూ.”

“వచ్చే జూన్లో ఆ అమలమ్మను కాస్త జాగ్రత్తగా చూసుకోండి మరి. ముందే చెబుతున్నా.”

“చూసుకుంటాలెండి,” అంది తెరేసమ్మ, బుట్టలోంచి ఒక దోరకాయ ఏరుకుంటూ. “మీ ఎడమచేతి పిల్ల ఏ ఊరండీ?”

ఆయన చెప్పబోయి టక్కున నోరు మూసుకున్నాడు. తర్వాత ప్లాట్‌ఫారం దద్దరిల్లేలా నవ్వాడు.

దుగ్గిరాలలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఎక్కాయి. పట్టుకోవడానికి ఇంకేమీ లేక బుల్లెమ్మ కప్పు చాపింది. అమ్మేవాడు దాని నిండా పోశాడు. కప్పు రైలుపెట్టెలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిరిగింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా చెయ్యి పెట్టి పిడికెడు తీసుకుని, “ఏం గెలిచారమ్మా?” అని అడిగారు. ప్రతివాళ్ళకూ ఐదుగురూ ఒకేసారి ఆటంతా మొదటి నుంచీ చెప్పారు. రామతులసి గౌసియా ఒళ్ళో కాళ్ళు చాపుకుని చెబుతోంది. ఆదెమ్మ పైనున్న సామాన్ల బల్ల పట్టుకుని నిలబడి, రిఫరీ నడక నడిచి చూపిస్తోంది. అన్వరీ తొక్కలు కిటికీలోంచి పారేస్తూ, ఆ చివరి బుట్ట తను అరవబట్టే పడిందని పక్కావిడకు ఒట్టేసి చెబుతోంది. తెరేసమ్మ ఒంటిచెప్పు కూడా విడిచేసి, కాళ్ళు పైకి ముడుచుకుని, నవ్వీ నవ్వీ పక్కలు నొప్పెడుతుంటే, “ఇంకోసారి చెప్పవే, ఇంకోసారి,” అంది.